పడి లేచినవాడు బాగున్నట్లేనా?

శని, ఆదివారాలు వస్తే ఇదివరకు కుర్రాళ్ళు సినిమాకో, క్రికెట్టుకో పోయేవారు. ఇప్పుడు నలుగురూ కలిసి మోటారు సైకిళ్ళ మీద కొండలకు పోతున్నారు. విశాఖపట్నం, రాజమహేంద్రవరం వాళ్ళకు లంబసింగి, వంజంగి, మారేడుమిల్లి ఉన్నాయి. హైదరాబాదు వాళ్ళకు వికారాబాదు దగ్గర అనంతగిరి కొండలున్నాయి. కొందరికి తారు రోడ్డు మీద పోయిరావడంతో సరదా తీరదు. రోడ్డు వదిలి ఎడ్లబండి బాటలు, ఎర్రమట్టి జారుళ్ళు, రాళ్ళ వాగులు వెతుక్కుని మరీ బండి నడుపుతారు. బట్టలనిండా బురదతో, ముఖంనిండా నవ్వుతో ఆదివారం రాత్రికి ఇల్లు చేరతారు.

ఆ వెనక తల్లులు నా దగ్గరకు వస్తారు. "డాక్టరుగారూ! మా వాడు వద్దంటే వినడు. సరేనందామంటే నాకు కంటిమీద కునుకుండదు. ఏం చేయమంటారు?" అని అడుగుతారు.

వద్దనమని నేను చెప్పను. వారమంతా కుర్చీలో కూర్చుని కంప్యూటరుకేసి చూసే కుర్రవాడు రెండు రోజులు ఎండలో, గాలిలో, స్నేహితుల మధ్య గడపడం ఆరోగ్యానికి మంచిదే. అయితే మన్యంలోనూ మైదానంలోనూ ప్రభుత్వ ఆస్పత్రుల్లో పాతికేళ్ళకు పైగా పనిచేసినవాణ్ణి కనుక ఒక మాట చెప్పగలను. ఈ ప్రయాణాల్లో పడడం మామూలే. పడినవాళ్ళలో నూటికి తొంభైమంది దుమ్ము దులుపుకుని లేస్తారు. ప్రమాదమంతా ఆ తర్వాత, "ఏం ఫర్వాలేదు, బాగానే ఉన్నాను" అనే మాటలో ఉంది. అది ఎప్పుడు నిజమో, ఎప్పుడు కాదో తెలుసుకోవడానికే ఈ వ్యాసం.

ఇది కూర్చుని చేసే పని కాదు

మోటారు సైకిలు ఎక్కితే ఇంజనే మోస్తుంది, మనకు శ్రమేముంది అని చాలామంది అనుకుంటారు. తారు రోడ్డు మీద అది చాలావరకు నిజమే. మట్టి దారిలో అలా కాదు. అక్కడ సీటు మీద కూర్చోవడం తక్కువ, కాళ్ళు పెట్టుకునే కడ్డీల మీద లేచి నిలబడి నడపడం ఎక్కువ. తొడలు, నడుము, భుజాలు, ముంజేతులు క్షణం తీరిక లేకుండా పనిచేస్తాయి. నూటయాభై కిలోల పైచిలుకు బండి బురదలో దిగబడితే దాన్ని లేవనెత్తాల్సింది కూడా మన నడుమే. 2010లో కెనడా పరిశోధకులు ఇలాంటి దారుల్లో నడిపేవారిని పరీక్షించి చూశారు. గుండె తన గరిష్ఠ వేగంలో సుమారు ముప్పాతిక వంతు వేగంతో కొట్టుకుంటున్నదని తేలింది. అంటే ఇది ఓ మోస్తరు పరుగుతో సమానమైన వ్యాయామమన్నమాట.

కాబట్టి ఏనాడూ నాలుగు మెట్లు ఎక్కని మనిషి ఉన్నట్టుండి ఆరు గంటలు కొండదారిలో బండి నడపకూడదు. ముందు నెలరోజులైనా వేగంగా నడవడం, గుంజీలు తీయడం అలవాటు చేసుకోవాలి. ఈ సరదా కుర్రాళ్ళకే పరిమితం కాలేదు. నలభై, యాభై ఏళ్ళవాళ్ళు కూడా బయలుదేరుతున్నారు. నడిస్తే గుండెలో నొప్పి, ఆయాసం వచ్చేవారు వైద్యుడికి చూపించుకోకుండా కదలకూడదు. మధుమేహానికి ఇన్సులిను తీసుకునేవారు ఇంత శ్రమలో రక్తంలో చక్కెర బాగా పడిపోవచ్చునని గుర్తుంచుకోవాలి. జేబులో చక్కెరగాని, గ్లూకోజు పొడిగాని ఉండాలి. ఎక్కడున్నదో పక్కవాడికి తెలిసి ఉండాలి. మూర్ఛలు వచ్చేవారికి ఈ సరదా పనికిరాదు. గుండె జబ్బుకో, పక్షవాతానికో రక్తం గడ్డకట్టకుండా మందులు వాడేవారికి చిన్న దెబ్బ తగిలినా లోపల రక్తస్రావం ఎక్కువగా అవుతుంది. అలాంటివారు కొండ అందం కారులో కూర్చుని చూడడం మేలు.

బయలుదేరే ముందు

మొదటి జాగ్రత్త నిద్ర. శుక్రవారం రాత్రి పది గంటలకు ఆఫీసు నుంచి వచ్చి, పన్నెండు గంటలకు బండి ఎక్కి, తెల్లవారేసరికి మేఘాలు చూడాలని పోయేవారున్నారు. నిద్రలేని మెదడు తాగిన మెదడుతో సమానం. కన్ను తెరిచే ఉంటుంది, చెయ్యి మాత్రం ఒక క్షణం ఆలస్యంగా కదులుతుంది. ఘాట్ రోడ్డు మలుపులో ఆ క్షణం చాలు. ఆరు గంటలైనా పడుకుని, తెల్లవారిన తర్వాతే బయలుదేరాలి. రాత్రి బస దగ్గర తాగి, పొద్దున్నే తల దిమ్ముగా ఉండగానే బండి ఎక్కేవాళ్ళకు కూడా ఇదే మాట. పొద్దుటికి మత్తు దిగినట్లనిపిస్తుంది గాని రక్తంలో మద్యం ఇంకా మిగిలే ఉంటుంది.

రెండవది హెల్మెట్. నడిపేవారికీ, వెనక కూర్చునేవారికీ కూడా హెల్మెట్ తప్పనిసరి అని 1988 నాటి మోటారు వాహనాల చట్టమే చెబుతున్నది. ఐ.ఎస్.ఐ. ముద్ర లేనివి అమ్మకూడదని 2021 జూన్ నుంచి నిబంధన కూడా వచ్చింది. ఎన్నో పరిశోధనలను కలిపి లెక్కవేస్తే హెల్మెట్ వల్ల మరణాలు నూటికి సుమారు 42 వంతులు, తల గాయాలు సుమారు 69 వంతులు తగ్గుతున్నాయని తేలింది. ఇంత మేలు చేసే మందు నా బీరువాలో ఒక్కటి కూడా లేదు. అయితే గడ్డం కింద పట్టీ బిగించని హెల్మెట్ మనిషికన్నా ముందే ఎగిరిపోతుంది. మట్టి దారిలో ముఖం నేలకు కొట్టుకోవడం ఎక్కువ కాబట్టి దవడను కూడా కప్పే నిండు హెల్మెట్ వాడాలి. ఒకసారి గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగానే కనిపించినా లోపలి మెత్త నలిగిపోయి ఉంటుంది. దాన్ని మార్చేయాలి.

మూడవది బట్టలు, బూట్లు. చెప్పులు తొడుక్కుని, లాగులు వేసుకుని కొండదారికి పోవడం తగదు. బండి పక్కకు ఒరిగిందంటే చీలమండ దాని కింద నలుగుతుంది. కాలి పిక్క సైలెన్సరుకు అంటుకుని బొబ్బలెక్కుతుంది. చీలమండను కప్పే గట్టి బూట్లు, దళసరి ప్యాంటు, చేతులకు తొడుగులు, మోకాళ్ళకూ మోచేతులకూ రక్షణ కవచాలు ఉండాలి. కాలితే పది, ఇరవై నిమిషాలు చన్నీళ్ళు ధారగా పోయాలి. టూత్ పేస్టు, సిరా, పసుపు పూయకూడదు.

నాలుగవది ధనుర్వాతం సూది. మట్టి, పేడ కలిసిన దారిలో అయిన గాయానికి ఆ భయం ఉంటుంది. పదేళ్ళకోసారి సూది వేయించుకుని ఉండాలి. మురికి గాయమైతే, చివరి సూది వేయించుకుని అయిదేళ్ళు దాటితే మళ్ళీ వేయించుకోవాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగానే వేస్తారు.

ఎముకల సంగతి

పడబోయే మనిషి చెయ్యి చాపి నేలను ఆపాలని చూస్తాడు. అది సహజం. అందువల్ల విరిగేవి ఎక్కువగా మణికట్టు, మెడ కింద అడ్డంగా ఉండే కాలరు ఎముక. ఇవి నొప్పితో చెప్పేస్తాయి కాబట్టి పెద్ద చిక్కులేదు. చిక్కల్లా మణికట్టులో ఒక చిన్న ఎముకతోనే. బొటనవేలిని బాగా చాపి చూడండి. దాని మొదట్లో, ముక్కుపొడి పోసుకునేవారు పోసుకునే చోట, చిన్న గుంట కనిపిస్తుంది. పడిన తర్వాత ఆ గుంటలో నొక్కితే నొప్పి ఉంటే, వాపు లేకపోయినా సరే, ఎముక విరిగిందేమోనని అనుమానించాలి. మొదటి రోజు ఎక్స్‌రేలో ఇది కనిపించకపోవచ్చు. చేతికి కట్టు వేసి పది, పద్నాలుగు రోజుల తర్వాత మళ్ళీ తీయిస్తే బయటపడుతుంది. ఈ ఎముకకు రక్తం అందే దారి సన్నం. నిర్లక్ష్యం చేస్తే అతుక్కోదు. "బెణికిందిలే" అని నూనె రాసుకుని తిరిగినవాళ్ళు ఏడాది తర్వాత చెంబెడు నీళ్ళు ఎత్తలేక వచ్చిన సందర్భాలు చూశాను.

కట్టు విషయంలో మరో హెచ్చరిక. ఎవరు వేసిన కట్టయినా సరే, వేసిన తర్వాత వేళ్ళు చల్లబడినా, నీలంగా మారినా, తిమ్మిరెక్కినా, వేళ్ళను చాపితే ప్రాణం పోయేంత నొప్పి పుట్టినా ఆ కట్టును వెంటనే వదులు చేయించాలి. తెల్లవారేదాకా ఆగకూడదు. కొన్ని గంటలు రక్తం అందకపోతే కండ చచ్చిపోతుంది. కట్టు వదులు చేసినా నొప్పి తగ్గకపోతే అప్పటికప్పుడే పెద్దాస్పత్రికి చేరాలి.

మూడు దొంగ దెబ్బలు

విరిగిన ఎముక అరిచి చెబుతుంది. దాక్కుని ఉండే దెబ్బలు మూడున్నాయి. తలలోది, కడుపులోది, మెడలోది.

తల సంగతి ముందు చెబుతాను. కణత దగ్గర పుర్రె ఎముక పలచగా ఉంటుంది. దాని లోపలి వైపున ఒక రక్తనాళం అంటిపెట్టుకుని పోతుంది. ఆ ఎముక చిట్లితే రక్తనాళం తెగి, ఎముకకూ మెదడు మీది పొరకూ మధ్య రక్తం చేరడం మొదలవుతుంది. దెబ్బ తగిలిన క్షణంలో మనిషికి కళ్ళు బైర్లు కమ్మవచ్చు, ఒక నిమిషం స్పృహ తప్పవచ్చు. తర్వాత లేచి కూర్చుంటాడు, నవ్వుతాడు, టీ తాగుతాడు, బండి కూడా నడుపుతాడు. లోపల రక్తం చేరుతూనే ఉంటుంది. కొద్ది గంటల తర్వాత మెదడు మీద ఒత్తిడి పెరిగి తలనొప్పి, వాంతులు, మగత మొదలవుతాయి. దాన్ని నిద్ర అనుకుని వదిలేస్తే మనిషి దక్కడు. అందరిలోనూ మధ్యలో ఇలా తేరుకోవడం జరగదు. జరిగినప్పుడు మాత్రం ఇంటిల్లిపాదినీ మోసం చేస్తుంది.

నేను చూసిన రెండు సంగతులు చెప్పాలి. ఇరవై రెండేళ్ళ కుర్రవాడొకడు ఎర్రమట్టి దిగుడులో జారి పడ్డాడు. హెల్మెట్ ఉంది, పట్టీ బిగించలేదు. తల రాతికి తగిలింది. నిమిషంలో లేచాడు. స్నేహితులు హాస్యమాడారు, తనూ నవ్వాడు. "ఒరేయ్! మా అమ్మకు మాత్రం చెప్పకండిరా, ఇంకెప్పుడూ పంపదు" అన్నాడు. చెప్పమని మాట ఇచ్చారు. సాయంత్రం ఇల్లు చేరాడు. తలనొప్పి అన్నాడు. ఎండలో తిరిగి వచ్చాడు కదా అని తల్లి కాఫీ ఇచ్చి పడుకోమంది. తెల్లవారి లేపితే లేవలేదు. మా ఆస్పత్రికి తెచ్చేసరికి కంటి పాప ఒకటి పెద్దదై ఉంది. మా చేతుల్లో ఏమీ మిగల్లేదు. వరండాలో అతని స్నేహితుడు గోడకానుకుని నాతో అన్నది ఒకటే మాట: "చెప్పొద్దన్నాడండీ."

రెండవ కుర్రవాడు కూడా దాదాపు అలాగే పడ్డాడు, అలాగే లేచాడు. అతనూ ఇంట్లో చెప్పొద్దనే అన్నాడు. అయితే తిరుగు ప్రయాణంలో "ఇప్పుడెక్కడికి పోతున్నాంరా?" అని మూడుసార్లు అడిగాడట. వెనక కూర్చున్న స్నేహితుడికి అనుమానం వచ్చింది. బండి ఆపించి, 108కి ఫోను చేసి, ఇంటికి కూడా చెప్పేశాడు. రాత్రికి విశాఖపట్నంలో సీటీ స్కాను, వెంటనే ఆపరేషను జరిగాయి. చేరిన రక్తం తీసేశారు. కొన్ని నెలల్లో ఆ కుర్రవాడు ఉద్యోగంలో చేరాడు. ఇద్దరికీ తగిలింది ఒకటే దెబ్బ, ఒకే చోట. ఒకరి విషయంలో స్నేహితుడు మాట నిలబెట్టుకున్నాడు, మరొకరి విషయంలో మాట తప్పాడు.

కాబట్టి తలకు దెబ్బ తగిలి ఒక్క క్షణమైనా స్పృహ తప్పితే, లేదా ఎలా పడ్డాడో గుర్తు లేకపోతే, పైకి ఎంత బాగున్నా ఆస్పత్రిలో చూపించాలి. ఆ రోజు మళ్ళీ బండి నడపనివ్వకూడదు. ఇరవైనాలుగు గంటలు ఒంటరిగా ఉంచకూడదు. తలనొప్పి అంతకంతకూ పెరగడం, మళ్ళీమళ్ళీ వాంతులు, మగత, తికమక మాటలు, అడిగిందే అడగడం, ఫిట్సు, ఒక చెయ్యో కాలో బలం తగ్గడం, కంటి పాపలు సమానంగా లేకపోవడం, చెవినుంచో ముక్కునుంచో రక్తంగాని నీరుగాని కారడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆలస్యం చేయకూడదు. వైద్యుడు చూసి ఇంటికి పంపినా ఆ రాత్రి రెండు, మూడు గంటలకోసారి లేపి పేరు, ఊరు అడగాలి. నొప్పికి పారాసిటమాల్ ఇవ్వవచ్చు. ఆస్పిరిన్‌లాంటివి ఇవ్వకూడదు. మద్యం సంగతి చెప్పనక్కరలేదు.

రెండవ దొంగ దెబ్బ కడుపుది. పడేటప్పుడు హ్యాండిలు కొస కడుపులో పొడుచుకుంటుంది. పైన చిన్న ఎర్రటి గుర్తు తప్ప ఏమీ కనిపించదు. ఎడమవైపు పక్కటెముకల కింద ప్లీహమనే అవయవం ఉంది. అది రక్తంతో నిండిన మెత్తటి సంచిలాంటిది. అది చిట్లితే రక్తం కడుపులోకి కొద్దికొద్దిగా కారవచ్చు. కొన్నిసార్లు రెండు, మూడు రోజుల తర్వాత ఒక్కసారిగా బయటపడుతుంది. కడుపు నొప్పి, ఎడమ భుజంలో కారణం లేని నొప్పి, లేచి నిలబడితే కళ్ళు తిరగడం, చల్లటి చెమట, పాలిపోవడం, నాడి వేగంగా కొట్టుకోవడం దీని గుర్తులు. మూత్రంలో రక్తం కనిపిస్తే మూత్రపిండానికి దెబ్బ తగిలిందనుకోవాలి. భుజం నొప్పికి బామ్ రాసి ఊరుకుంటే మోసపోతాం. హ్యాండిలు పొడుచుకున్నదని వైద్యుడికి విడిగా చెప్పాలి. మనం చెప్పకపోతే ఆయన భుజమే చూస్తాడు.

మూడవది మెడ. మెడ నొప్పి, చేతులూ కాళ్ళూ తిమ్మిరెక్కడం, బలం లేకపోవడం ఉంటే మనిషిని కదపకూడదు. వెన్నుపాము తెగకుండా మిగిలి ఉన్నప్పుడు, మనం ఎత్తే తీరువల్ల అది తెగిపోవచ్చు.

తోటివాళ్ళే మొదటి వైద్యులు

మన్యంలో ఏ మూలనుంచయినా విశాఖపట్నం పెద్దాస్పత్రి చేరాలంటే గంటలు పడుతుంది. ఆ గంటల్లో వైద్యుడు ఉండడు. ఉన్నవాళ్ళు స్నేహితులే. వాళ్ళు నేర్చుకోవలసినవి ఎక్కువేం కావు.

ముందు వెనక వచ్చే బండ్లను ఆపండి. పడిన బండి ఇంజను ఆపేయండి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డ మడిచి గాయం మీద గట్టిగా అదిమి పట్టండి. ఆగిందా లేదా అని మాటిమాటికీ తీసి చూడకుండా పది నిమిషాలు అలాగే ఉంచండి.

మనిషి స్పృహలో ఉండి ఊపిరి బాగా పీలుస్తుంటే హెల్మెట్ తీయవద్దు. ఊపిరి ఆడకపోయినా, వాంతి వస్తున్నా తీయక తప్పదు. అప్పుడు ఇద్దరు కావాలి. ఒకరు కింది నుంచి మెడనూ దవడనూ కదలకుండా పట్టుకోవాలి. రెండవవారు పట్టీ విప్పి, హెల్మెట్ అంచులను రెండు పక్కలకూ విడదీసి, మెల్లగా లాగాలి. స్పృహ లేక ఊపిరి ఉంటే తల, మెడ, నడుము ఒకే వరుసలో ఉండేటట్లు నలుగురూ కలిసి పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నోట్లో నీళ్ళు, కాఫీ పోయకూడదు. అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

విరిగిన చేతినో కాలినో సరిచేయాలని లాగవద్దు. రెండు కర్రలు, రెండు తువ్వాళ్ళతో ఉన్నది ఉన్నట్లు కదలకుండా కట్టండి.

మనవాళ్ళు ఎక్కువగా చేసే పొరపాటు, దెబ్బ తిన్నవాణ్ణి మోటారు సైకిలు మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి తీసుకుపోవడం. తల వాలిపోతూ, మెడ ఊగుతూ గతుకుల దారిలో పదిమైళ్ళు పోతే మొదటి దెబ్బకన్నా రెండవదే పెద్దదవుతుంది. దగ్గర్లో పల్లె ఉంటుంది. అక్కడి గిరిజనులు రోగులను డోలీ కట్టి కొండలు దింపిన అనుభవం ఉన్నవారు. అడిగితే కాదనరు. మంచమో, తలుపు చెక్కో ఇస్తారు, నాలుగు చేతులు సాయం వేస్తారు. దాని మీద పడుకోబెట్టి రోడ్డుదాకా మోయండి.

108 సర్వీసు మన రాష్ట్రంలో 2005 నుంచి ఉంది. చిక్కల్లా కొండల్లో ఫోనుకు సిగ్నలు దొరకకపోవడమే. అందుకే ఇద్దరే పోకూడదు, కనీసం నలుగురుండాలి. పడినవాడి దగ్గర ఒకరు, సాయానికి ఒకరు ఉండగా, సిగ్నలు ఉన్న చోటికి ఒకరు పోవాలి. దారిలో చివరిసారి సిగ్నలు ఎక్కడ వచ్చిందో, ఏ ఊరు దాటామో గుర్తుపెట్టుకుంటూ ఉండాలి. అటవీ శాఖ అనుమతి లేని దారుల్లోకి దూరకూడదనడానికి చట్టం ఒక కారణమైతే, పడితే ఆ దారిన వచ్చేవారుండరన్నది రెండవ కారణం.

ఆస్పత్రికి తీసుకుపోతే పోలీసు కేసులో ఇరుక్కుంటామన్న భయం ఇంకా కొందరిలో ఉంది. అది అక్కర్లేదు. సాయం చేసినవారిని వేధించకూడదన్న నియమాలకు సుప్రీంకోర్టు 2016లో చట్టబలం ఇచ్చింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో ఆ రక్షణ చేర్చారు.

ఎండ, నీరు, పురుగూ పుట్రా

దళసరి బట్టల్లో, హెల్మెట్‌లో చెమట ధారలు కడుతుంది. గాలికి ఆరిపోతుంది కాబట్టి తెలియదు. దాహం వేసేదాకా ఆగకుండా అరగంటకోసారి నాలుగు గుక్కలు తాగండి. మూత్రం ముదురు పసుపుగా వస్తే నీళ్ళు చాలలేదన్నమాట. ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్టు మొత్తం ఒక లీటరు నీళ్ళలో కలపాలి. అరగ్లాసులో కలిపి చిక్కగా తాగితే మేలుకన్నా కీడెక్కువ. వాగు నీళ్ళు చూడడానికి తేటగా ఉంటాయి గాని తాగడానికి కాదు. ఎండలో తిరిగిన మనిషి ఒళ్ళు కాలిపోతూ, తికమకగా మాట్లాడుతుంటే అది వడదెబ్బ. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా నీళ్ళతో తడిపి విసురుతూనే ఆస్పత్రికి పంపాలి.

పాము కరిస్తే కత్తితో కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించి కట్టడం వద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా కర్ర కట్టి, మనిషిని నడిపించకుండా మోసుకుపోవాలి. విరుగుడు మందు ప్రభుత్వ ఆస్పత్రుల్లో దొరుకుతుంది. రాత్రిపూట కట్లపాము కరిస్తే నొప్పి, వాపు దాదాపు ఉండవు. గుడారంలో నేలమీద పడుకున్నవాడికి తెల్లవారుజామున కనురెప్పలు వాలిపోతూ, కడుపులో నొప్పి వస్తుంటే దాన్ని అనుమానించాలి.

ఇంటికి చేరిన వారం, పది రోజులకో, రెండు మూడు వారాలకో చలిజ్వరం వస్తే "నేను మన్యం వెళ్ళివచ్చాను" అని వైద్యుడికి తప్పక చెప్పాలి. మలేరియాకు రక్తపరీక్ష వెంటనే చేయించాలి. పొదల్లో కూర్చున్నప్పుడు కుట్టే అతి చిన్న పురుగుల వల్ల స్క్రబ్ టైఫస్ అనే జ్వరం కూడా వస్తుంది. నడుము దగ్గరో, చంకలోనో సిగరెట్టు కాలినట్లు నల్లటి పక్కు కనిపించవచ్చు. సకాలంలో గుర్తిస్తే చవకైన మందుతోనే నయమవుతుంది.

ఇంట్లోవారికి ఒక మాట

కుర్రాళ్ళు దెబ్బలను ఎందుకు దాస్తారు? చెబితే తిడతారని, మరోసారి పంపరని. మన భయమే వాళ్ళ నోరు నొక్కేస్తోంది. దెబ్బ దాచినందువల్ల పోయిన ప్రాణాన్ని చూసినవాణ్ణి కనుక పెద్దలకు ఒక మనవి చేస్తున్నాను. బయలుదేరే ముందే పిల్లవాడితో ఒప్పందం చేసుకోండి. "పడితే చెప్పు. తిట్టను, బండి తాళం లాక్కోను" అనండి. అన్నమాట నిలబెట్టుకోండి. అతని స్నేహితులిద్దరి ఫోను నంబర్లు మీ దగ్గర ఉంచుకోండి. వాళ్ళకూ ఇదే చెప్పండి. బండి ఎవరిది, దారి ఎవరు చెప్పారు అన్న పంచాయితీలు తర్వాత పెట్టుకోవచ్చు.

ఆదివారం రాత్రి అతను ఇల్లు చేరగానే భోజనం పెట్టి, మూడు ప్రశ్నలు మామూలుగా అడగండి. ఎక్కడయినా పడ్డావా? తలకుగాని, కడుపుకుగాని తగిలిందా? పడ్డ సంగతంతా గుర్తుందా? జవాబులో ఏమాత్రం తేడా కనిపించినా, తెల్లవారి చూద్దామనుకోకుండా ఆ రాత్రే ఆస్పత్రికి తీసుకురండి. అత్యవసర విభాగంలో రాత్రంతా వైద్యులుంటారు. ఏమీ లేదని తేలితే మీకు ఒక రాత్రి నిద్ర పోతుంది, అంతే.